మోడెలికా భాష: ఇంటనే నేర్చుకొను మార్గము

హైదరాబాదు నగరమందలి అమీర్‌పేట, పంజగుట్ట ప్రాంతములు కంప్యూటరు శిక్షణకు పేరొందినవి. గ్రామములనుండి పెక్కుమంది యువతీయువకులు అచ్చటి హాస్టళ్లలో నుండి చదువుచున్నారు. రుసుమునకు తోడు వసతి, భోజన వ్యయము తల్లిదండ్రులపై పడుచున్నది. కావున ఉచితముగా లభించు విద్యలను మనము ముందుగా తెలిసికొనుట మేలు.

అట్టివానిలో మోడెలికా ఒకటి. ప్రకృతియందును, యంత్రములందును జరుగు మార్పులను సమీకరణములుగా వ్రాసి, కంప్యూటరుపై ముందే నడిపి చూచుటకు ఈ భాష ఉపకరించును. 10 ఎకరముల చెరువునుండి గంటకు 400 ఘనమీటర్ల నీరు వదలినచో, మట్టము గంటకు సుమారు 1 సెంటీమీటరు తగ్గును. వచ్చు నీరు, పోవు నీరు, ఆవిరియగు నీరు సమీకరణములో చేర్చినచో, చెరువు ఎన్ని దినములకు సరిపోవునో కంప్యూటరు లెక్కించును. ఆ లెక్కను చెరువులోని కొలబద్దతో సరిచూచుకొనవలెను.

ఈ భాష తొలి నిర్వచనము 1997లో వెలువడినది. దీనికి ఓపెన్‌మోడెలికా అను ఉచిత సాధనము కలదు. బొంబాయి ఐ.ఐ.టి.లోని ఫోసీ పథకమువారు దానిని ప్రచారము చేయుచున్నారు. ఆ సంస్థయందే ఆరంభమైన స్పోకెన్ ట్యుటోరియల్ పాఠములలో ఓపెన్‌మోడెలికా పాఠములును కలవు. మైకేల్ టిల్లర్ వ్రాసిన ‘మోడెలికా బై ఎగ్జాంపుల్’ గ్రంథమును ఇంటర్నెట్టులో రుసుము లేకయే చదువవచ్చును.

మొదట ఇంటనే ఒక చెరువు లెక్కను పూర్తిచేయుడు. పిదప గురువు అవసరమని తోచినచో, ఏ శిక్షణాలయమున ఈ భాషను బోధింతురో విచారించి, అటుపిమ్మటనే రుసుము చెల్లింపుడు.