చల్లని నీటికి తగిన కవచము

ఋతువునకు తగిన వస్త్రము నెన్నుకొనుట స్త్రీలకు క్రొత్తగ నేర్పవలసిన విద్య కాదు. ఎండలకు పలుచని నూలుచీర, చలికి శాలువ, ప్రయాణమునకు మాయని రంగు, ఇవన్నియు మనకు తల్లుల వలన నబ్బినవే. అయినను నీటిలో ధరింపవలసిన వస్త్రమును గూర్చి మన యిండ్లలో ప్రసంగము వచ్చుట అరుదు. నేడు మన యాడుపిల్లలు చదువులకును ఉద్యోగములకును ఇంగ్లండు, ఐర్లండు, అమెరికా మొదలగు దేశముల కేగి, అచ్చటి స్త్రీలతోపాటు ట్రయథ్లాన్ పోటీలకు పూనుకొనుచున్నారు. ఆ పోటీలో చల్లని నీట నీదుటకై ధరించు రబ్బరు దుస్తును వెట్‌సూటు అందురు. దాని నెన్నుకొనుట చీర నెన్నుకొనుట వంటిది కాదు. చీర నచ్చకున్న పెట్టెలో దాచవచ్చును; వెట్‌సూటు తగకున్న నడినీట ఊపిరికే ముప్పు. కావున మేము తెలిసికొనిన సంగతులను సోదరీమణులకు విన్నవించుచున్నాము.

ట్రయథ్లాన్ అనగా ఈత, సైకిలు, పరుగు అను మూడును నడుమ విరామము లేక ఒకదాని వెంట నొకటి సాగు పోటీ. ఒలింపిక్ దూరమని పేరొందిన దానిలో 1.5 కిలోమీటర్ల ఈత, 40 కిలోమీటర్ల సైకిలు సవారి, 10 కిలోమీటర్ల పరుగు ఉండును. 2000 సంవత్సరమున సిడ్నీ ఒలింపిక్ క్రీడలలో ఈ పోటీ తొలిసారిగ చేరెను. అందు మొదట జరిగినది స్త్రీల పందెమే. స్విట్జర్లండు వనితయగు బ్రిగిట్ మెక్‌మాన్ స్వర్ణపతకము నందెను.

ఇక వెట్‌సూటు చేయు పని యెట్టిది? నీరు గాలికంటె ఇరువది రెట్లకు పైగా వేడిమిని ప్రసరింపజేయును. అందుచేతనే, గాలిలో హాయిగ తోచు చల్లదనము నీటిలో వణకు పుట్టించును. 1950 దాటిన తొలియేండ్లలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమునందలి భౌతికశాస్త్రజ్ఞుడు హ్యూ బ్రాడ్నర్ ఈ చిక్కునకు ఉపాయము కనుగొనెను. ఈదువారి దేహము పొడిగ నుండనక్కఱలేదనియు, వస్త్రములో చిక్కుకొనిన వాయువే వేడిమిని నిలుపుననియు ఆయన గ్రహించెను. నియోప్రీన్ అను కృత్రిమ రబ్బరునందు లెక్కకు మిక్కిలిగ నుండు చిన్ని వాయుబుడగలే ఆ పనిని చేయును. ఆ బుడగల వలననే ఆ వస్త్రము నీటిపై తేలును. నడుమును తొడలను పైకెత్తి, ఈతలోని శ్రమను కొంత తగ్గించును. వెచ్చదనము, తేలికదనము అను ఈ రెండు లాభములును వస్త్రము ఒంటి నంటియున్నప్పుడే చక్కగ దక్కును.

మొట్టమొదట వేసికొనవలసిన ప్రశ్న ‘ఏది కొనవలెను?’ అనునది కాదు, ‘కొనవలెనా?’ అనునది. నీరు వెచ్చగ నున్నచో దేహము మిక్కిలి వేడెక్కుటయు నపాయమే గనుక, అట్టి పోటీలలో వెట్‌సూటును నిషేధింతురు. వరల్డ్ ట్రయథ్లాన్ సంస్థ నిబంధనలను బట్టి, 1500 మీటర్ల వరకు గల ఈతలో వయస్సు వర్గముల వారికి నీటి వేడిమి 22 డిగ్రీల సెంటీగ్రేడు చేరినచో వెట్‌సూటు కూడదు. ఐరన్‌మాన్ పోటీలలో సామాన్యముగ 24.5 డిగ్రీల వరకు అనుమతి కలదు. రెండింటను మందము 5 మిల్లీమీటర్లు మించరాదు. నిబంధనలు మారుచుండును గనుక, తాము పోవు పోటీవారి పత్రమును ముందుగ చదువుకొనుట మేలు. 2019 సంవత్సరమున గోవాయందు మొదలైన ఐరన్‌మాన్ 70.3 పోటీలో ఈత అరేబియా సముద్రమున సాగును. ఆ నీరు వెచ్చనిది. కావున విశాఖపట్టణపు కడలిలో అభ్యసించి గోవాకు బోవు పిల్లకు ఈ వ్యయముతో పనిలేదు. శీతలదేశముల సరస్సులలో నీదు పిల్లకే దీని యవసరము.

రెండవది, జాతి నెఱిగి కొనుట. అలలపై పలకతో నాడువారికిని, సముద్రగర్భమున మునుగువారికిని వేఱు వేఱు వెట్‌సూటులు కలవు. అవి భుజములయొద్ద మందముగ నుండుటచే దూరపు టీతకు తగవు. ట్రయథ్లాన్ కొఱకు కుట్టినదానికి పైభాగము నున్నగ నుండును. భుజములయొద్ద 1 లేక 2 మిల్లీమీటర్లు, వక్షమునను తొడలను 3 మొదలు 5 మిల్లీమీటర్లు మందముండును. నిండుచేతులది ఎక్కువ వెచ్చన. చేతులు లేనిది భుజములకు స్వేచ్ఛ. మిక్కిలి చల్లని నీటికి నిండుచేతులదే మంచిది. ఈదునప్పుడు కాళ్లు క్రుంగు అలవాటు గలవారికి తొడలయొద్ద మందమైనది సాయపడును. అయితే పెక్కుమంది స్త్రీలకు కాళ్లు సహజముగనే తేలును. వారు అట్టిది ధరించినచో కాళ్లు మితిమీరి పైకి లేచి ఈత చెడును.

మూడవది కొలత. ఇచ్చటనే మనవారు ఎక్కువగ పొరపడుదురు. ఇంగ్లండున నున్న మా అక్కగారి కుమార్తె మొదట తన భర్త వెట్‌సూటును తొడిగి సరస్సున దిగినది. భుజములయొద్ద వదులు, పిరుదులయొద్ద బిగువు. నడుము వెనుక నీరు నిండి సంచివలె వ్రేలాడినది. పిమ్మట తనకై యొకటి కొన్నది గాని, బిడ్డ పుట్టకమునుపటి కొలతలనే అంగడికి వ్రాసి పంపినది. ఆ కొలతలను మార్చుటకు మనసొప్పలేదట. నీట దిగి నూఱు బారలైన సాగకమునుపే గొంతు నొక్కినట్లయి, ఱొమ్ము విప్పారక, ఊపిరి అందలేదు. ప్రక్కన నీదుచున్న స్నేహితురాలు ఆమెను వెల్లకిల త్రిప్పి గట్టునకు చేర్చినది. మూడవమారు ఱొమ్ము, నడుము, పిరుదులు, ఎత్తు, బరువు ఉన్నవి ఉన్నట్లు చెప్పి స్త్రీలకై కత్తిరించినదానిని తెచ్చుకొన్నది. ఆ యేట 1.5 కిలోమీటర్ల ఈతను ముగించితినని మాకు జాబు వ్రాసినది. కర్ణుని సహజకవచము దేహముతో పుట్టి దేహముతో పెరిగినది. అంగడిలో కొన్న కవచము అట్లు పెరుగదు. ప్రసవము పిదప మారిన దేహమున సిగ్గుపడవలసినది ఏమున్నది? దానిని దాచి తక్కువ కొలత చెప్పినందువలన కొలతపట్టీని మోసగింపవచ్చును గాని, నీటిని మోసగింపజాలము.

తొడిగి చూచునప్పుడు త్వరపడరాదు. గోళ్లు తగిలిన ఈ రబ్బరు చిరుగును. కావున గోళ్లు కత్తిరించుకొని, నూలు చేతితొడుగులు వేసికొనవలెను. పాదమునకు పలుచని సంచి తొడిగినచో కాలు సులువుగ జారును. చీలమండనుండి కొంచెము కొంచెముగ పైకి జరుపుచు, గజ్జలయొద్ద సందు లేకుండ చేసికొని, ఆ తరువాతనే భుజములకు ఎక్కింపవలెను. క్రింద బిగువు చాలక మిగిలిన లోటంతయు భుజములను క్రిందికి లాగును. జిప్పు మూసిన పిదప చేతులు రెండును పైకెత్తి, దీర్ఘముగ శ్వాసింపవలెను. చంకలోను, నడుము వెనుకను మడత గాని సందు గాని ఉండరాదు. మెడయొద్ద అంటియుండవలెను గాని నొక్కరాదు. పొడిగ నున్నప్పుడు కొంత బిగువు తోచుట సహజము; నీట తడిసిన పిదప అది సడలును. కాని ఊపిరి పీల్చుటకు కష్టమగునది ఎంత చౌకయైనను విడువదగినదే.

ఒంటి నంటియుండు వస్త్రమును చూచి పెద్దలేమందురోయని సంకోచించు పిల్లలును కలరు. మెడనుండి చీలమండవఱకు కప్పు వస్త్రమునకు వంక పెట్టుట పెద్దలకైనను కష్టమే. దీని లోపల పోటీదుస్తును ధరింతురు. ఈత ముగియగనే పైదానిని విప్పి, దానితోనే సైకిలెక్కుదురు.

ఎన్నుకొనినదానిని పోటీనాడు మొదటిసారి ధరింపరాదు. అంతకుముందే కొన్నిమారులు తోడుగ నొకరుండగా చల్లని నీట ఈది చూడవలెను. నీట నొక్కసారిగ దుమికిన ఊపిరి యెగబట్టును. మెల్లగ దిగి, ముఖము తడుపుకొని, శ్వాస కుదిరిన పిదప సాగవలెను. మెడయొద్ద ఒరసికొనకుండ లేపనము పూయుదురు; రబ్బరును చెఱచు పెట్రోలియము లేపనమును మాత్రము వాడరాదు. ఇంటికి వచ్చిన పిదప మంచినీటితో కడిగి, లోపలివైపు బయటికి త్రిప్పి, నీడలో ఆరవేయవలెను. ఎండయు, బట్టలుతుకు యంత్రమును దీనికి శత్రువులు.

ఇది వెలగల వస్తువు. ఒక్క పోటీతో చాలించుకొను తలంపు గలవారికి అద్దెకిచ్చువారును, వాడినవానిని అమ్మువారును ఆ దేశములలో కలరు. అద్దెదైనను, పాతదైనను, క్రొత్తదైనను పరీక్ష ఒక్కటే: చేయి యెత్తి చూడుడు, నిండుగ ఊపిరి పీల్చి చూడుడు. రెండును సుఖముగ సాగినచో రూకలు చెల్లింపుడు. సాగనిచో అంగడివానితో మొగమాటపడక తిరిగి యిచ్చివేయుడు.