మనం అభిమానించిన రష్యా ఏది?

ఆకివీడు, భీమవరం, ఏలూరు వైపు అరవై దాటిన చదువరులను కదిపితే చాలు, సోవియట్ పుస్తకాల ముచ్చట మొదలవుతుంది. విజయవాడ నుంచి విశాలాంధ్ర ప్రచురణాలయం వారి పుస్తకాల వ్యాను, గట్టి అట్టలున్నా కారుచౌక ధర, బడిపిల్లల నోటుబుక్కులకు అట్టలైన ‘సోవియట్ భూమి’ పత్రిక నున్నటి కాగితాలు... పిల్లలకు లెనిన్, స్టాలిన్ అని పేర్లు పెట్టుకున్నవాళ్లూ ఈ ప్రాంతంలో ఉన్నారు.

1991 డిసెంబరులో సోవియట్ యూనియన్ కూలింది గానీ ఆ అభిమానం కూలలేదు. ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక కొందరిలో అది పుతిన్ వైపు మళ్లింది. చిక్కంతా ఇక్కడే. వేర్వేరు రష్యాలు రెండు ఇందులో కలిసిపోయాయి.

మొదటిది స్లావ్ జాతివాదపు రష్యా. రష్యన్లు, ఉక్రేనియన్లు, పోలిష్, చెక్, సెర్బు ప్రజలంతా ఒకే స్లావ్ కుటుంబమన్నది దాని మూలసూత్రం. 1848లో ప్రాగ్‌లో స్లావ్ మహాసభ జరిగేనాటికి ఆ భావన పరాయి ఏలుబడిలోని చిన్న జాతులకు ఆసరా. 1867 మాస్కో స్లావ్ సభ నాటికి జార్ రష్యా పెద్దన్న పాత్రలోకి వచ్చింది. 1863లో తమ తిరుగుబాటును రష్యా అణిచేసిందని పోలిష్ వాళ్లు ఆ సభకు ముఖం చాటేశారు. 1876లో జార్ రెండో అలెగ్జాండర్ ఉక్రేనియన్ భాషలో పుస్తకాల అచ్చును దాదాపుగా నిషేధించాడు.

రెండోది మన ఇంటికొచ్చిన రష్యా. మాస్కో ప్రగతి ప్రచురణాలయంలో ఉప్పల లక్ష్మణరావు, రా.రా. (రాచమల్లు రామచంద్రారెడ్డి) వంటివారు కూర్చుని తెలుగు చేసిన పుస్తకాల రష్యా. అది జాతి పేరుతో కాక శ్రామికుల పేరుతో మాట్లాడింది. ‘జమీల్యా’ రాసిన ఐత్‌మాతోవ్ స్లావే కాదు, కిర్గిజ్. రచయిత గోగోల్ పుట్టింది ఉక్రెయిన్‌లో.

అయితే ఆ పుస్తకాలు అన్నీ చెప్పలేదు. 1932-33 కరువులో ఉక్రెయిన్‌లో లక్షల మంది చనిపోయారు. 1944లో క్రిమియా తాతార్లను ఊళ్లకు ఊళ్లుగా తరిమేశారు. హిట్లర్ దండెత్తిన 1941లో స్టాలిన్ ప్రభుత్వం కూడా స్లావ్ ఐక్యత నినాదాన్ని వాడుకుంది.

ఇక పుతిన్ ఈ రెంటిలో ఏ రష్యా వైపు? సోవియట్ పతనాన్ని 2005లో అతను పెను విపత్తు అన్నాడు. రష్యన్లూ ఉక్రేనియన్లూ ఒకే ప్రజ అని 2021లో వ్యాసం రాశాడు. 2022 ఫిబ్రవరిలో, యుద్ధానికి మూడు రోజుల ముందు, ఉక్రెయిన్‌ను సృష్టించి తప్పు చేశారంటూ లెనిన్‌నీ బోల్షివిక్కులనీ తప్పుబట్టాడు. అతను కోరేది సోవియట్ వైశాల్యాన్ని, సోవియట్ ఆశయాన్ని కాదు.

అందుకే గోడమీది లెనిన్ పటానికీ పుతిన్ జిందాబాదుకీ పొత్తు కుదరదు. ఆ పుస్తకాలను దాచుకుందాం, పిల్లల చేత చదివిద్దాం. వాటి మీది ప్రేమను మాత్రం నేటి మాస్కో పాలకుల ఖాతాలో జమ చేయొద్దు.