మల్బరీ తోట, మాస్టర్ ప్లాను, మన మగ్గము

పడుగుకు పట్టు కావలెను. పట్టుకు గూడు, గూటికి పురుగు, పురుగుకు మల్బరీ ఆకు, ఆకుకు భూమి కావలెను. ఈ వరుస నేత కుటుంబాలలో పిల్లలకు కూడ తెలిసినదే. అయితే ఆ భూమిని ఏ పనికి వాడవలెనో నిర్ణయించే పటము ఒకటి వేరే వున్నదని మనలో చాలమందికి తెలియదు. దానిని గూర్చి నేత సోదరులకు, సోదరీమణులకు నాలుగు మాటలు మనవి చేయుటకే ఈ వ్యాసము.

బెంగుళూరుకు ఉత్తరమున దేవనహళ్లి తాలూకా వున్నది. 2008 మే నెలలో అక్కడ కొత్త విమానాశ్రయము తెరచినారు. నాటి నుండి ఆ ప్రాంతమున పొలము ధర పంటనుబట్టి గాక రోడ్డునుబట్టి పలుకుచున్నది. 2021 ఆగస్టులో కర్ణాటక పారిశ్రామిక ప్రాంతముల అభివృద్ధి మండలి, విమాన పరిశ్రమల పార్కు కొరకు, చన్నరాయపట్న హోబళిలోని 13 గ్రామాలలో 1,777 ఎకరాలు సేకరించుటకు ప్రాథమిక ప్రకటన వెలువరించినది. రాగి, ద్రాక్ష, కూరగాయలు, పూలు, మల్బరీ పండే భూములవి. రైతులు 2022 ఏప్రిల్‌లో ధర్నాకు కూర్చున్నారు. మూడేండ్లు దాటినను లేవలేదు. తుదకు 2025 జూలై 15న ముఖ్యమంత్రి శ్రీ సిద్ధరామయ్య ఆ సేకరణను విరమించుకొన్నట్లు ప్రకటించినారు. ఇష్టపడి ఇచ్చువారి భూమిని మాత్రము ఎక్కువ పరిహారమిచ్చి తీసుకొందుమని కూడ చెప్పినారు.

"రైతుల తగవు రైతులది, మనకేమి?" అని కొందరు నేతగాండ్రు అడుగుచుండుట మేము విన్నాము. అది సరికాదు. పట్టుపురుగు ఇరవైయైదు రోజులు ఆకు మేయును. కోసిన ఆకు వాడకముందే దానికి వేయవలెను. దూరపు ఊరి నుండి తెచ్చిన పనికిరాదు. గూడు కట్టిన పిమ్మట చిలుక బయటపడక ముందే దారము తీయవలెను. అందుచేతనే తోట, గూళ్ల సంత, దారము తీయు బట్టీలు ఒకదానికొకటి దగ్గరగా వెలసినవి. పొరుగున చిక్కబళ్లాపురము జిల్లాలోని శిడ్లఘట్ట గూళ్ల సంత ఆ విధముగా పెరిగినదే. ఒక కిలో పట్టు తీయుటకు సుమారు 7 కిలోల గూళ్లు పట్టును. ఈ ప్రాంతపు పట్టే దొడ్డబళ్లాపురము మగ్గాలకును, ధర్మవరము మగ్గాలకును పోవుచున్నది. కావున ఒక తోట పోయినచో ఒక రైతుకే గాక, ఒక దారపు పోగు వెంట నడిచే అందరికిని పని తగ్గును.

ఇందులో మరియొక సంగతి గమనింపదగినది. భూమి పోయినవానికి పరిహారము వచ్చును, ఏలననగా పహాణీలో అతని పేరున్నది. గూళ్లు ఒలిచేవానికి, పురి వేసేవానికి, నేసేవానికి ఏ పహాణీలోను పేరు లేదు. వారికి పరిహారము లేదు, నోటీసు కూడ రాదు. కనుక మన మాట మనమే వెళ్లి చెప్పుకొనవలెను.

మేము ఫ్యాక్టరీలకు విరోధులము కాము. మన బిడ్డలే ఎందరో చదువుకొని వాటిలో పని చేయుచున్నారు. నీరు పారే తోటను వదలి, పంటకు పనికిరాని నేలను మొదట చూడండి అనుటయే మన కోరిక.

భూమి వాడుక మారుటకు ముఖ్యముగా మూడు దారులు. మొదటిది, 1966 నాటి చట్టము క్రింద పరిశ్రమల కొరకు సేకరణ. దీనిలో భూమి గలవారికిని, అనుభవములో వున్నవారికిని నోటీసు ఇచ్చి, అభ్యంతరము చెప్పుకొనుటకు 30 దినముల గడువు ఇచ్చెదరు. రెండవది, 1961 నాటి పట్టణ గ్రామీణ ప్రణాళికా చట్టము క్రింద తయారయ్యే మాస్టర్ ప్లాను. పటములో ఇండ్లకు పసుపు, వ్యాపారమునకు నీలము, పరిశ్రమకు ఊదా, సేద్యమునకు ఆకుపచ్చ వేసెదరు. ముసాయిదా ప్రకటించినప్పుడు ప్రజలు 60 దినములలో అభిప్రాయము తెలుపవచ్చును. బెంగుళూరు 2031 ప్లాను ముసాయిదా 2017 నవంబరులో వెలువడి, 2020లో ఉపసంహరింపబడినది. ప్లాను వచ్చిన తరువాత ఒక్కొక్క సర్వే నంబరుకు రంగు మార్చుటకు పత్రికలో చిన్న ప్రకటన పడును. దాని గడువు ఇంకను కొద్ది. మూడవది, సొంతదారు తానే కోరి, 1964 భూకందాయ చట్టము క్రింద చేయించుకొనే కన్వర్షన్. సేద్యము చేయనివారు సేద్యపు భూమి కొనరాదను కట్టడిని 2020లో తీసివేసినందున, ఈ మూడవ దారిలో జనము పెరిగినారు.

మన ఇంటి సంగతి కూడ ఇందులోనే వున్నది. కబ్బన్‌పేట, నగరత్‌పేట సందులలో చోటు చాలక, మగ్గాలు ఊరి వెలుపలకు జరుగుచున్నవి. చవక అని కన్వర్షన్ లేని రెవెన్యూ సైటు కొని, గుంట త్రవ్వి మగ్గము దించినవారు వున్నారు. తరువాత బ్యాంకు అప్పు అడిగినప్పుడు కాగితము సరిలేదనిపించుకొని తిరిగివచ్చినారు. సైటు కొనుటకు ముందు మూడు ప్రశ్నలు వేయుడు: ఈ సర్వే నంబరుకు పటములో ఏ రంగు? కన్వర్షన్ ఆజ్ఞ యేది? లేఅవుటుకు ప్రణాళికా సంస్థ ఆమోదమున్నదా? విమానాశ్రయపు చుట్టుపక్కల ఊళ్లకు అక్కడి ప్రణాళికా సంస్థ వేరే వున్నది. బెంగుళూరులో అడిగినచో సరియైన జవాబు దొరకదు.

ప్రతి సహకార సంఘమునకు మా సూచన ఇది. పత్రికలో వచ్చే భూ ప్రకటనను కత్తిరించి సంఘపు బోర్డుపై అంటించవలెను. తోట రైతులు, దారము తీయువారు, నేతగాండ్రు కలిసి ఒకే అభ్యంతర పత్రము కన్నడములో వ్రాయించి, సర్వే నంబర్లు, తోటల విస్తీర్ణము, వాటిపై బ్రతుకుచున్న బట్టీల, మగ్గాల లెక్క అందులో చేర్చవలెను. గడువులోపల అందజేసి, రసీదు తీసుకొని సంఘపు ఫైలులో భద్రపరచవలెను. నోటితో చెప్పిన మాట ఆఫీసులో నిలువదు. రసీదు పడిన కాగితమే నిలుచును.

దేవనహళ్లి రైతులు మూడేండ్లకు పైగా ఎండకు వానకు కూర్చుండి తమ తోటలను నిలుపుకొన్నారు. ఆ ఆకు తిన్న పురుగు దారమే మన పలకలపై నడుచుచున్నది. మరొకసారి ప్రకటన పడిన నాడు వారి పత్రముపై మన సంతకములు కూడ వుండవలెను.