నీళ్లలోంచి వచ్చే నొప్పి

శ్రీశైలంలో పాతాళగంగకు పోవాలంటే మెట్లు దిగాలి. వందల మెట్లు. ఒక అక్క ఊరివాళ్లతో కలిసి మల్లన్న దర్శనానికి వచ్చింది. ఆమెది మార్కాపురం వైపు పల్లె. పై మెట్టు మీదే కూర్చుండిపోయింది.

"రా వదినా, నెమ్మదిగా దిగుదాం" అన్నారు తోటివాళ్లు.

"నా వల్ల కాదు. మోకాళ్లు వంగవు. మీరు పోయి రాండి" అంది ఆమె.

దిగలేని వాళ్ల కోసం అక్కడ రోప్‌వే ఉంది. ఆ సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు.

ఇలాంటి అక్కలు ఆ వైపు పల్లెల్లో చాలామంది ఉన్నారు. నిండా నలభై ఏళ్లు ఉండవు. నడుము పట్టేసి ఉంటుంది. మెడ తిప్పాలంటే ఒళ్లంతా తిప్పాలి. కింద కూర్చుంటే లేవలేరు. రాత్రి పక్క మీద దొర్లాలన్నా నొప్పే. ఇంట్లో వాళ్లేమో "పనికి ఒళ్లు వంగదు" అంటారు. నిజంగానే వంగదు. ఆమె మాత్రం "నా రాత" అనుకుంటుంది.

ఇది రాత కాదు. జబ్బు. కీళ్ల నొప్పులకు కారణాలు చాలా ఉంటాయి. కానీ ఒకే ఊళ్లో చాలామందికి నడుములు, మోకాళ్లు పట్టేస్తున్నాయా? పిల్లల పళ్ల మీద పసుపు, గోధుమ రంగు చారలున్నాయా? అయితే ఆ ఊరి నీళ్లను అనుమానించాలి. నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ ఉండొచ్చు. ఈ జబ్బు పేరు ఫ్లోరోసిస్.

మన దేశంలో ఈ జబ్బు సంగతి 1937లో మొదట బయటపడింది. అదీ అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లోనే. కనిగిరి, పొదిలి అప్పుడు ఆ జిల్లాలోవే. మార్కాపురం 1970 దాకా కర్నూలు జిల్లాలో ఉండేది. రైతులు ముందుగా తమ ఎద్దుల్లో దీన్ని కనిపెట్టారని చెబుతారు. బాగున్న ఎద్దును కొనుక్కొచ్చేవాళ్లు. కొన్నాళ్లకు అది కాళ్లు బిగుసుకుపోయి నడవలేకపోయేది. ఎద్దు నడవకపోతే సేద్యం ఆగుతుంది కాబట్టి వెంటనే కనిపెట్టారు. ఆడవాళ్ల నడుము నొప్పి అంత తొందరగా ఎవరి కంటా పడలేదు.

ఫ్లోరైడ్ నేల లోపలి రాళ్లలో ఉంటుంది. వానలు తక్కువైన చోట బోర్లు లోతుకు పోతాయి. రాళ్లలోని ఫ్లోరైడ్ నీళ్లలో కరుగుతుంది. ఆ నీళ్లు తేటగా ఉంటాయి. రుచిలో కూడా తేడా తెలియదు. ఏళ్ల తరబడి తాగితే ఫ్లోరైడ్ ఎముకల్లో చేరుతుంది. ఎముకలను కలిపి కట్టిన పట్టీలు కూడా ఎముకలా గట్టిపడతాయి. అందుకే ఒళ్లు వంగదు.

మూడు పనులు చేసి చూడండి. గడ్డం రొమ్ముకు ఆనించండి. రెండు చేతులూ తల వెనక పెట్టండి. మోకాళ్లు వంచకుండా కాలి వేళ్లు ముట్టుకోండి. ఇవి చేయలేకపోతే, నొప్పి పుడితే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లాలి. అక్కడ డాక్టరు చూసి ఎక్స్‌రే, మూత్ర పరీక్ష చేయిస్తారు.

ఇంకో పరీక్ష నీళ్లకు. సీసా నిండా నీళ్లు పట్టి గ్రామీణ నీటి సరఫరా శాఖ వాళ్లకు ఇవ్వమని పంచాయతీలో అడగండి. లీటరు నీళ్లలో ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము దాటకూడదు. వేరే నీళ్లు దొరకని చోట కూడా 1.5 దాటకూడదు. కాచితే ఫ్లోరైడ్ పోదు. నీళ్లు ఆవిరై తగ్గుతాయి, ఫ్లోరైడ్ మిగులుతుంది. గుడ్డతో వడగట్టినా పోదు.

గట్టిపడిన ఎముక మళ్లీ మునుపటిలా కాదు. ఆ మాట దాచి లాభం లేదు. కానీ నీళ్లు మారిస్తే జబ్బు ముదరదు. చాలామందికి నొప్పి కూడా తగ్గుతుంది. తాగడానికి, వంటకు మాత్రం మంచినీళ్లు వాడాలి. అన్నం, పప్పు ఉడికేటప్పుడు నీళ్లలోని ఫ్లోరైడ్‌ను పీల్చుకుంటాయి. స్నానానికి, బట్టలకు బోరు నీళ్లే చాలు. శుభ్రంగా పట్టిన వాన నీళ్లలో ఫ్లోరైడ్ దాదాపు ఉండదు. ఏటి నీళ్లలో తక్కువ. పాతాళగంగ దగ్గర పారే కృష్ణ నీళ్లు అలాంటివే. శ్రీశైలం జలాశయం నుంచి ఆ నీళ్లను నల్లమల కింద సొరంగాల్లోంచి అవతలికి తేవడానికే వెలిగొండ పథకం పెట్టారు. దానికి 1996లో పునాదిరాయి వేశారు. ఒక్కో సొరంగం 18 కిలోమీటర్ల పైనే.

తిండి కూడా సాయం చేస్తుంది. పాలు, మజ్జిగ, రాగి సంకటి, నువ్వులు, మునగాకు తినాలి. వీటిలో సున్నం సత్తువ ఉంటుంది. అది ఫ్లోరైడ్‌ను ఒంటికి పట్టకుండా ఆపుతుంది. ఉసిరి, జామ, నిమ్మ కూడా మంచివి. బాలింతలకు, పాలిచ్చే తల్లులకు ఈ తిండి మరీ అవసరం. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు బడి పిల్లలకు రోజూ చింతపండు ఇచ్చి చూశారు. ఫ్లోరైడ్ మూత్రంలో ఎక్కువగా బయటికి పోయిందని 2002లో తెలిపారు. మన పులుసు మంచిదే. అయితే నీళ్లు మార్చకుండా పులుసు ఒక్కటే తింటే చాలదు. పాలు లేని టీ, వక్క, నల్ల ఉప్పు తగ్గించాలి. వాటిలోనూ ఫ్లోరైడ్ ఉంటుంది.

ఇక నొప్పి సంగతి. పొద్దున్నే వేడినీళ్లలో గుడ్డ ముంచి పిండి కాపడం పెట్టుకోవాలి. తర్వాత మెడ, భుజాలు, మోకాళ్లు మెల్లగా కదిలించాలి. కదపకపోతే ఇంకా బిగుసుకుంటాయి. నడుము మీద పిల్లల చేత తొక్కించుకోవద్దు. ఆ ఎముక గట్టిగా కనిపిస్తుంది గానీ తొందరగా విరుగుతుంది.

నొప్పి మాత్రలు అంగట్లో కొని రోజూ మింగొద్దు. కడుపులో పుండ్లు పడతాయి. మూత్రపిండాలు చెడతాయి. ఫ్లోరైడ్‌ను బయటికి పంపేది ఆ మూత్రపిండాలే. ఊళ్లో వేసే ఒక్క సూదితో నొప్పి మాయమైందంటే అందులో ఏ మందు ఉందో అడగండి. కొన్ని మందులు పదేపదే వేస్తే ఎముకలు గుల్లబారతాయి. ఏ మాత్ర, ఎన్ని రోజులు అన్నది డాక్టరే చెప్పాలి.

ఇంట్లో చిన్న మార్పులు చాలా సుఖాన్నిస్తాయి. పొయ్యి గట్టు మీద పెడితే నిలబడి వండొచ్చు. స్నానానికి ఎత్తు పీట వేయాలి. నేల మీద కాకుండా మంచం మీద పడుకోవాలి. దొడ్డికి గొంతుకు కూర్చోలేని వాళ్లకు ప్లాస్టిక్ కుర్చీ మధ్యలో రంధ్రం కోసి ఇవ్వొచ్చు. పెద్ద బిందె బదులు చిన్న బిందెలు మోయాలి. ఆ బిందెలు మొగవాళ్లు సైకిలు మీద తెస్తే ఇంకా మేలు.

కాళ్లు చేతులు తిమ్మిరెక్కి బలం తగ్గుతుంటే, మూత్రం ఆగకుండా పోతుంటే ఇంట్లో ఉండొద్దు. వెన్నుపాము నలిగిపోతోందన్న గుర్తు అది. ఆ రోజే పెద్దాసుపత్రికి పోవాలి.

నడవలేని స్థితి వచ్చినవాళ్లు వైకల్యం సర్టిఫికెట్ అడగాలి. 40 శాతం, అంతకు మించి వైకల్యం ఉందని డాక్టర్లు రాసిస్తే వికలాంగుల పింఛనుకు అర్జీ పెట్టుకోవచ్చు. అర్జీ గ్రామ సచివాలయంలో ఇవ్వాలి. ఇచ్చినట్టు రసీదు తీసుకుని, దాని మీద తేదీ చదివి చూసుకోవాలి.