గిల్టు కమ్మలు పడనివాళ్లు ఎముకల డాక్టరుకు చెప్పాల్సిన మాట

గిల్టు కమ్మలు పెట్టుకుంటే చెవి తమ్మెలు రసి కారేవాళ్లు, వాచీ బకిల్ కింద దద్దుర్లు లేచేవాళ్లు మనలో చాలామందే ఉన్నారు. కారణం చాలాసార్లు నికెల్. అదే మనిషికి రేపు తొడ ఎముకలో రాడ్ వేయాల్సి వస్తే?

ఒంట్లోని తడికి ఏ లోహమైనా కొద్దికొద్దిగా కరుగుతుంది. అలా విడుదలైన లోహ అయాన్లు మన ప్రోటీన్లకు అతుక్కుంటే, కొందరిలో రోగనిరోధక వ్యవస్థకు చెందిన టీ కణాలు వాటిని పరాయివిగా ఎంచి దాడికి దిగుతాయి. తేనెటీగ కుట్టినప్పుడు నిమిషాల్లో ముంచుకొచ్చే అలర్జీ కాదిది. వారాలు, నెలలు గడిచాక బయటపడుతుంది. కోత చుట్టూ ఎగ్జిమా వస్తుంది, కీలు వాచి నొప్పి తగ్గదు, కొందరిలో ఇంప్లాంట్ వదులవుతుంది.

రాడ్లు, ప్లేట్లకు వాడే 316ఎల్ స్టీలులో నికెల్ 10 శాతం పైనే. మోకాలి మార్పిడిలో ఎక్కువగా వాడే కోబాల్ట్-క్రోమియంలో అది ఒక శాతం లోపే ఉంటుంది కానీ, కోబాల్ట్, క్రోమియం కూడా కొందరికి పడవు. టైటానియం పడనివాళ్లు బహు అరుదు. 2017లో కేంద్రం మోకాలి ఇంప్లాంట్ల ధరలకు పరిమితి పెట్టినప్పుడు కోబాల్ట్-క్రోమియం రకానికి 54,720 రూపాయలు, టైటానియం, ఆక్సిడైజ్డ్ జిర్కోనియం రకాలకు 76,600 రూపాయలు నిర్ణయించింది. తేడా చిన్నదేమీ కాదు. కాబట్టి ఖరీదైన రకం అవసరం ఎవరికో తేల్చుకోవాలి.

ఇక్కడే చాలామంది పొరబడతారు. చర్మానికి నికెల్ పడనంత మాత్రాన లోపలా పడదని కాదు. అలాంటివాళ్లు ఎందరో స్టీలు ప్లేటుతో హాయిగా తిరుగుతున్నారు. మార్చిన మోకాలు నొప్పెడుతుంటే ముందు చూడాల్సింది ఇన్ఫెక్షన్, ఆ తర్వాత ఇంప్లాంట్ వదులైందా అన్నది. అవేవీ కావని తేలాకే అలర్జీని అనుమానించాలి. వీపు మీద 48 గంటలు పట్టీలు అంటించి చేసే ప్యాచ్ టెస్ట్ కూడా చర్మం సంగతే చెబుతుంది, ఎముక సంగతి తేల్చి చెప్పలేదు.

అలాగని రోగి బాధను కొట్టిపారేయడం అన్యాయం. 2010లో డీప్యూ కంపెనీ ఏఎస్ఆర్ తుంటి ఇంప్లాంట్లను ప్రపంచమంతటా వెనక్కి తీసుకుంది. లోహం మీద లోహం రాసుకుని రాలిన పొడి, చుట్టుపక్కల కండను దెబ్బతీసింది. అందులో అరుగుదల పాలెంత, అలర్జీ పాలెంత అన్నది విడదీయడం కష్టం. నొప్పి మాత్రం నిజం. మన దేశంలోనూ వేలమందికి వాటిని అమర్చారు.

మీకు గిల్టు పడకపోతే ఆపరేషన్‌కు ముందే, అడగకపోయినా, డాక్టరుకు చెప్పండి. ఏ లోహం వేస్తున్నారో అడగండి. ఇంటికొచ్చేటప్పుడు ఇంప్లాంట్ స్టిక్కర్ డిశ్చార్జి కాగితాల్లో ఉందో లేదో చూసి, దాన్ని జాగ్రత్తగా దాచుకోండి.