బొద్దుగా ఉంటే ముద్దేనా?

పిల్లవాడు బొద్దుగా ఉంటే ఇంటిల్లిపాదికీ మురిపెమే. "నా తండ్రే, రాజాలా ఉన్నాడు" అని దిష్టి తీస్తాం. పల్లెల్లో అయితే ఆ లావును జబ్బని ఎవరూ అనుకోరు. కాని మన దేశంలో అయిదేళ్ళలోపు పిల్లల్లో అధిక బరువున్నవారు 2015-16లో నూటికి 2.1 ఉంటే, 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి 3.4 అయ్యారు.

మీ ఆడపడుచుగారు కవిటి వైపు ఉన్నారనుకోండి. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, కొబ్బరితోటల నడుమ ఊరది. ఆ ప్రాంతాన్ని కిడ్నీ జబ్బు ఏళ్ళ తరబడి పీడిస్తోంది, కారణం ఇదమిత్థంగా తేలలేదు. దానికీ పిల్లల లావుకీ ముడిపెట్టకండి. అయితే లావు వల్ల రక్తపుపోటు, చక్కెర జబ్బు రావచ్చు. ఆ రెండూ కిడ్నీలను చెరిచేవే. అసలే అక్కడ పెరిగే బిడ్డకు ఈ అదనపు భారం ఎందుకు చెప్పండి?

దీనికి వైద్యం ఒక్కసారి పెద్ద డాక్టరుకు చూపిస్తే అయ్యేది కాదు. మూడు నుంచి పన్నెండు నెలల్లో కనీసం 26 గంటలైనా బిడ్డతో, ఇంటివారితో కూర్చుని తిండీ ఆటా సరిదిద్దాలని అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2023లో చెప్పింది. కవిటి నుంచి శ్రీకాకుళం వంద కిలోమీటర్ల పైమాట. పని మానుకుని ఏ తల్లి అన్నిసార్లు తిరగ్గలదు?

కేంద్ర ప్రభుత్వం 2019లో మొదలుపెట్టిన ఈ-సంజీవని అక్కరకొచ్చేది ఇక్కడే. ఉపకేంద్రంలో నర్సమ్మ ఎత్తు, బరువు, రక్తపుపోటు చూసి, తెరమీద డాక్టరుతో మాట్లాడిస్తుంది. బరువొక్కటే చెబితే చాలదండీ. పిల్లల లావును వయసునూ ఎత్తునూ బట్టే తేలుస్తారు. నిద్రలో గురక పెడుతున్నా, మెడ వెనక చర్మం నల్లగా, మందంగా మారినా తప్పక చెప్పాలి. మురికనుకుని పీచుతో రుద్దేస్తుంటారు పాపం! అది చక్కెర జబ్బుకు ముందస్తు సూచన కావచ్చు.

ఇంకో సంగతి. తాతగారికి కిడ్నీ జబ్బుందని ఆయన పత్యమే మనవడికీ పెట్టకూడదు. ఎదిగే బిడ్డకు పప్పూ గుడ్డూ మానిపించవద్దు. మానాల్సినవి కూల్‌డ్రింకులు, చిప్సు పొట్లాలు. చాలామంది పిల్లలకు బరువు తగ్గించనక్కర్లేదు కూడా. ఉన్నచోట నిలిపితే, ఎత్తు ఎదిగేకొద్దీ ఒళ్ళు సర్దుకుంటుంది.

ఎత్తు ఎదగకుండా లావెక్కుతుంటే మాత్రం తెరమీది డాక్టరు చాలడు. అప్పుడు దూరమైనా సరే, పిల్లల డాక్టరు దగ్గరకు స్వయంగా తీసుకువెళ్ళమనండి.