అనుకరణ సాఫ్ట్‌వేర్ స్థాపన, కంపైలేషన్: ‘ప్రాట్’ ఆధారంగా ఒక వివరణ

వ్యాససంగ్రహం

ఉచ్చారణావయవాల కదలికలను కంప్యూటరులో అనుకరించి ధ్వనిని పుట్టించే సౌకర్యం ‘ప్రాట్’ సాఫ్ట్‌వేర్‌లో ఉంది. దీనిని విండోస్, మాక్, లినక్స్ వ్యవస్థలలో స్థాపించుకొనే విధానాన్ని, సోర్స్ కోడ్ నుంచి కంపైల్ చేసుకొనే విధానాన్ని, ఆ క్రమంలో తెలుగు పరిశోధకులకు ప్రత్యేకంగా ఎదురయ్యే చిక్కులను ఈ వ్యాసం వివరిస్తుంది. ఏ వెర్షన్‌ను ఏ వ్యవస్థలో వాడామన్నది కూడా పరిశోధనపద్ధతిలో భాగమేనని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: ధ్వనిశాస్త్రం, ఉచ్చారణానుకరణ, ప్రాట్, కంపైలేషన్, ఆపరేటింగ్ సిస్టమ్, యూనికోడ్.

ఉపోద్ఘాతం

‘అప్ప’ అన్నప్పుడు పెదవులు ఎంతసేపు మూసి ఉంటే వినేవారికి అది ద్విత్వంగా తోస్తుంది? ఎంత తగ్గిస్తే ‘అప’గా వినిపిస్తుంది? ఈ ప్రశ్నకు వక్తలను కూర్చోబెట్టి రికార్డు చేసి సమాధానం వెతకవచ్చు. కానీ ఊపిరి, దవడ, నాలుక ఏమాత్రం మారకుండా పెదవులు మూసి ఉంచే కాలాన్ని మాత్రమే పది మిల్లీసెకన్ల చొప్పున పెంచుతూ పలకమంటే ఏ మనిషీ పలకలేడు. అనుకరణ అవసరం ఇక్కడే కలుగుతుంది. తెలుగు శాఖలలో ‘అనుకరణ’ అనగానే ధ్వన్యనుకరణమో, మిమిక్రీయో గుర్తుకు రావడం సహజం. ఇక్కడ ఆ పదం భౌతికనియమాల ఆధారంగా ఒక ప్రక్రియను కంప్యూటరులో నడిపించడమనే అర్థంలో వాడబడింది.

ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయానికి చెందిన పాల్ బూర్స్మా, డేవిడ్ వేనింక్‌లు 1990ల నుంచి రూపొందిస్తూ వస్తున్న సాఫ్ట్‌వేర్ ప్రాట్. డచ్చి భాషలో ఆ మాటకు ‘మాట్లాడు’ అని అర్థం. మన పరిశోధకులలో చాలామంది దీనిని రికార్డింగులను కొలవడానికి మాత్రమే వాడతారు. ఇందులోని ఉచ్చారణానుకరణ భాగం అంతగా పరిచితం కాదు. 1998లో బూర్స్మా సమర్పించిన ‘ఫంక్షనల్ ఫొనాలజీ’ అనే సిద్ధాంతగ్రంథంలో దీని నమూనా వివరంగా ఉంది. కంఠం నుంచి పెదవుల వరకు ఉన్న మార్గాన్ని వరుసగా అమర్చిన గొట్టాలుగా భావించి, వాటి గోడలకు బరువును, బిగువును కల్పించి, లోపల గాలి ఎలా ప్రవహిస్తుందో లెక్కిస్తారు. ఊపిరితిత్తులు, దవడను ఎత్తే మాసెటర్ కండరం, పెదవుల చుట్టూ ఉండే ఆర్బిక్యులారిస్ ఓరిస్ వంటివి ఏ క్షణంలో ఎంత బిగుసుకోవాలో పరిశోధకుడు నిర్దేశిస్తే ధ్వని పుడుతుంది. మామూలు అమరికలో సెకనుకు 22,050 నమూనాలు, ఒక్కో నమూనాకు 25 మెట్లు ఉంటాయి. అంటే అరసెకను ‘అప్ప’ కోసం కంప్యూటరు సుమారు 2,75,000 మెట్లు లెక్కిస్తుంది. ఈ సంఖ్యతో తరువాత మళ్లీ పని ఉంది.

సోర్స్ కోడ్, బైనరీ

కంపైల్ చేయడమంటే ఏమిటో తెలుగువారికి అను ఫాంట్ల ఉదాహరణతో కొంతవరకు చెప్పవచ్చు. అను ఫాంటులో కూర్చిన పుస్తకం ఆ ఫాంటు లేని కంప్యూటరులో తెరిస్తే అర్థంలేని గుర్తులు కనిపిస్తాయి. ఫైలు చెడిపోలేదు. దాని సంకేతాలు ఒక ప్రత్యేక ఏర్పాటును నమ్ముకొని ఉన్నాయంతే. బైనరీ కూడా అటువంటిదే. విండోస్ కోసం, ఇంటెల్ తరహా ప్రాసెసర్ కోసం తయారైన బైనరీని మాక్ గానీ లినక్స్ గానీ నేరుగా నడపలేదు. సోర్స్ కోడ్ మాత్రం మనిషి చదవగలిగే పాఠం. ప్రాట్ విషయంలో అది ప్రధానంగా సి++ భాషలో ఉంది. ఆ పాఠాన్ని ఒక నిర్దిష్ట వ్యవస్థకు, ప్రాసెసర్‌కు తగిన బైనరీగా మార్చడమే కంపైలేషన్. దీనికి ‘సంకలనం’ అనే అనువాదం అక్కడక్కడ కనిపిస్తుంది. గణితంలో అది కూడిక, సాహిత్యంలో కవితల కూర్పు కాబట్టి మూడో అర్థాన్ని దాని నెత్తిన పెట్టడం నాకు ఉచితంగా తోచలేదు. అందువల్ల ఈ వ్యాసంలో ‘కంపైల్’ అనే మాటనే వాడాను.

సిద్ధంగా ఉన్న బైనరీలను స్థాపించుకోవడం

అధికశాతం పరిశోధకులకు కంపైలేషన్ అవసరమే రాదు. విండోస్‌కు ప్రాట్ ఒక జిప్ ఫైలుగా దొరుకుతుంది. విప్పితే వచ్చే ఒక్క ఫైలును రెండుసార్లు నొక్కితే చాలు. ఇన్‌స్టాలర్ లేదు కాబట్టి అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ మరొకరి చేతిలో ఉండే కళాశాల ప్రయోగశాలలలో పెన్‌డ్రైవ్ నుంచి కూడా సాధారణంగా నడుస్తుంది. మాక్‌లో డిస్క్ ఇమేజ్ తెరిచి అప్లికేషన్స్ ఫోల్డర్‌లోకి లాగాలి. లినక్స్‌లో రెండు దారులున్నాయి. ఉబుంటు, డెబియన్ వంటివాటిలో ‘ఆప్ట్’ ద్వారా ఒక్క ఆజ్ఞతో తెచ్చుకోవచ్చు, లేదా ప్రాట్ రూపకర్తలు ఇచ్చే బైనరీని దించుకోవచ్చు. మొదటి దారి సులభమే కానీ, ఆ పంపిణీ విడుదలయ్యే సమయానికి స్థిరపరచిన వెర్షనే అందులో ఉంటుంది. అది కొన్ని ఏళ్ల పాతది కావచ్చు.

కంపైల్ చేసుకోవలసిన సందర్భాలు

అయినా కొన్ని సందర్భాలలో సోర్స్ కోడ్ దాకా వెళ్లక తప్పదు. వందలాది అనుకరణలను విశ్వవిద్యాలయ సర్వర్‌పై నడపాలనుకుంటే అక్కడ తెర ఉండదు, కిటికీలు తెరుచుకోవు. అందుకోసం తెర అవసరం లేని ‘బ్యారెన్’ రూపాన్ని కంపైల్ చేసుకొనే ఏర్పాటు ప్రాట్‌లో ఉంది. అనుకరణలోని ఏదైనా స్థిరాంకాన్ని మార్చి చూడాలన్నా అంతే.

లినక్స్‌లో ఈ పని సూటిగా సాగుతుంది. గిట్‌హబ్ నుంచి సోర్స్ కోడ్ దించుకోవాలి. అందులోని ‘మేక్‌ఫైల్స్’ ఫోల్డర్‌లో ఒక్కో వ్యవస్థకు ఒక్కో నిర్వచనాల ఫైలు ఉంటుంది. మన వ్యవస్థకు తగినదాన్ని ఎంచుకొని, ‘మేక్‌ఫైల్ డాట్ డెఫ్స్’ అనే పేరుతో ప్రధాన ఫోల్డర్‌లోకి నకలు చేసి, టెర్మినల్‌లో ‘మేక్’ అని ఆజ్ఞ ఇవ్వాలి. మేక్ ప్రతి ఫైలునూ వరుసగా కంపైల్ చేస్తుంది. మధ్యలో కరెంటు పోయినా మొదటి నుంచి మొదలుపెట్టనక్కరలేదు. మళ్లీ ఆజ్ఞ ఇస్తే మిగిలినవాటినే చేస్తుంది. సగం రాసి ఆగిన ఫైలు ఒకటి మిగిలిపోతే దానిని తొలగించాలి.

మొదటి ప్రయత్నంలోనే విజయం రావడం అరుదు. ‘మేక్’ అనే ఆజ్ఞే లేదని కంప్యూటరు అంటే కంపైలర్ పరికరాలు లేవని అర్థం. ఉబుంటులో ‘బిల్డ్ ఎసెన్షియల్’ అనే ప్యాకేజీ వాటిని తెస్తుంది. ‘జీటీకే డాట్ హెచ్’ అనే ఫైలు దొరకలేదనడం రెండో రకం. ఇక్కడే చాలామంది తికమకపడతారు. కిటికీలను గీసే జీటీకే లైబ్రరీ ఆ యంత్రంలో ముందే ఉండవచ్చు. అయితే ఒక లైబ్రరీని వాడుకొనే కార్యక్రమాన్ని నడపడం వేరు, దానిపై ఆధారపడే కార్యక్రమాన్ని కొత్తగా తయారుచేయడం వేరు. తయారీకి ఆ లైబ్రరీలోని సాధనాల జాబితా, అంటే హెడర్ ఫైళ్లు కావాలి. అవి పేరు చివర ‘డెవ్’ అని ఉండే ప్యాకేజీలలో విడిగా వస్తాయి. ప్రాట్‌కు జీటీకే‌తో పాటు ధ్వనికి సంబంధించిన అల్సా, పల్స్ ఆడియోల డెవ్ ప్యాకేజీలు కావాలి. ఇక అన్ని ఫైళ్లూ కంపైల్ అయ్యాక చిట్టచివర ఏదో లైబ్రరీ కనబడలేదని ఆగిపోవడం మూడో రకం. అది కంపైలింగ్ దోషం కాదు, విడివిడి ముక్కలను జోడించే లింకింగ్ దశలోని దోషం. తెర నిండా వందల పంక్తుల దోషాలు కనబడినప్పుడు చివరి పంక్తిని చూసి కంగారు పడకూడదు. పైకి జరిపి మొట్టమొదటి దోషాన్ని చదవాలి. తక్కినవి చాలావరకు దాని సంతానమే.

ఈస్పీక్, ఫ్లాక్, పోర్ట్ ఆడియో వంటి ఇతరుల లైబ్రరీలను ప్రాట్ తన సోర్స్ కోడ్‌తోనే కలిపి ఇస్తుంది. అందుకే ఇతర శాస్త్రీయ అనుకరణ సాఫ్ట్‌వేర్లలో ఎదురయ్యే ‘ఒకదానికొకటి, దానికింకొకటి’ బాధ ఇక్కడ తక్కువ. నేర్చుకొనేవారికి ఇది మంచి మొదటి మెట్టు అని నేను అనుకోవడానికి అదే కారణం.

మాక్‌లో ఎక్స్‌కోడ్ కావాలి. ప్రాట్‌తో వచ్చే ప్రాజెక్టు ఫైలును అందులో తెరిచి బిల్డ్ చేయాలి. అవసరమైన వ్యవస్థా లైబ్రరీలు ఎక్స్‌కోడ్‌లోనే ఉంటాయి కానీ, అది కొన్ని గిగాబైట్ల బరువైనది. విండోస్‌లో ఎంసిస్2 వంటి పరిసరాన్ని స్థాపించుకొని, అందులో విండోస్‌కు తగిన నిర్వచనాల ఫైలుతో ‘మేక్’ నడపాలి. విండోస్ లోపల లినక్స్‌ను నడిపే డబ్ల్యుఎస్‌ఎల్ దారి ఇంతకన్నా సుఖం. అయితే అక్కడ తయారయ్యేది లినక్స్ బైనరీ. దానిని బయటికి తెచ్చి విండోస్‌లో రెండుసార్లు నొక్కితే నడవదు.

తెలుగు లిపి తెచ్చే చిక్కులు

ఆంగ్లంలో దొరికే మార్గదర్శకాలు వీటిని ప్రస్తావించవు కాబట్టి కొంత వివరంగా చెప్పాలి. మన పరిశోధకులు ఫోల్డర్లకు ‘ద్విత్వ పరిశీలన’ వంటి పేర్లు పెట్టుకుంటారు. పెట్టుకోవాలి కూడా. కానీ కంపైల్ చేసే ఫోల్డర్‌కు మాత్రం ఆ పేరు వద్దు. కారణం తెలుగు అక్షరాల కన్నా ముందు ఆ రెండు మాటల నడుమ ఉన్న ఖాళీ. మేక్ ఖాళీని రెండు పేర్ల మధ్య విభజనగా భావిస్తుంది. తెలుగు అక్షరాలను నేటి లినక్స్, మాక్‌లు చక్కగానే మోస్తాయి గానీ, విండోస్‌లోని కొన్ని పాత పరికరాలు వాడుకరి పేరు తెలుగులో ఉన్నా తడబడతాయి.

ఇంతకన్నా దొంగచాటు చిక్కు ఒకటుంది. ‘ప్రాట్‌లో’ అని రాసేటప్పుడు పొల్లు తరువాతి అక్షరంతో కలిసిపోకుండా మనం ఒక కనబడని యూనికోడ్ గుర్తును చేరుస్తాం. దానినే జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు. ఫోల్డర్ పేరు పొల్లుతో ముగిసినప్పుడు కొన్ని కీబోర్డులు దీనిని చేరుస్తాయి, కొన్ని చేర్చవు. కంటికి రెండు పేర్లూ ఒకటే, కంప్యూటరుకు వేరు. ‘రికార్డింగ్స్’ అనే ఫోల్డర్ కళ్లెదుటే ఉండగా, అటువంటిది లేదని స్క్రిప్టు మొండికేయడంతో నేను ఒక సాయంత్రమంతా పోగొట్టుకున్నాను. ఫోల్డర్ ఫోన్‌లో పేరు పెట్టినది, స్క్రిప్టు ల్యాప్‌టాప్‌లో టైపు చేసినది.

పెద్ద, చిన్న అక్షరాల తేడా మన లిపిలో లేదు. అందువల్ల లినక్స్ ఆ తేడాను పాటిస్తుందని, విండోస్, మాక్‌లు మామూలు అమరికలో పాటించవని మనకు వెంటనే తట్టదు. ఇంట్లో విండోస్‌పై చక్కగా నడిచిన స్క్రిప్టు సర్వర్‌పై ఫైలు లేదంటే మొదట దీనినే అనుమానించాలి.

ఒకే స్క్రిప్టు, రెండు ఫలితాలు

మా శాఖలో ఒక పరిశోధక విద్యార్థిని ప్రీ సబ్మిషన్ సెమినార్‌కు నెలరోజుల ముందు రెండు పట్టికలు తెచ్చి నా ముందు పెట్టింది. రికార్డింగులు అవే. శాఖలోని కంప్యూటరులో తెరిచి చూసిన స్వరస్థాయి విలువలు ఒకటి, ఆమె ల్యాప్‌టాప్‌లో చూసినవి మరొకటి. “ఏది రాయమంటారు సార్?” అని అడిగింది. నాకు వెంటనే సమాధానం తోచలేదు. చివరికి రెండింటి వెర్షన్ సంఖ్యలు చూస్తే విషయం తేలింది. 2023లో వచ్చిన 6.4 వెర్షన్ నుంచి ధ్వని కిటికీలో స్వరస్థాయిని లెక్కించే మామూలు పద్ధతి మారింది. అంతకుముందు ఉన్నది రా ఆటోకోరిలేషన్, తరువాతిది ఫిల్టర్డ్ ఆటోకోరిలేషన్. పాత పద్ధతిని కొత్త వెర్షన్‌లో ఎంచుకోవచ్చు. రెండూ తప్పులు కావు. కానీ సగం పట్టిక ఒకదానితో, సగం మరొకదానితో నింపితే అది తప్పు. ఆమె ఆ అధ్యాయాన్ని మొత్తం ఒకే పద్ధతిలో మళ్లీ కొలిచింది.

వెర్షన్ ఒకటే అయినా తేడాలు రావచ్చు. కంప్యూటరు దశాంశాలను పరిమిత స్థానాలలో దాస్తుంది. అందుచేత 0.1, 0.2లను ముందు కలిపి దానికి 0.3 చేరిస్తే 0.6000000000000001 వస్తుంది. 0.2, 0.3లను ముందు కలిపి దానిని 0.1కు చేరిస్తే 0.6 వస్తుంది. ఏ క్రమంలో కలపాలో కొన్ని అమరికలలో కంపైలరే నిర్ణయిస్తుంది. కొన్ని ప్రాసెసర్లు గుణకారాన్ని, కూడికను ఒకే మెట్టులో చేసి చివర ఒక్కసారే అంకెను సవరిస్తాయి. మరికొన్నిటి బైనరీలలో రెండుసార్లు సవరింపు జరుగుతుంది. ఒక్క కూడికలో ఈ తేడా లెక్కలోకి రాదు. కానీ ఇంతకుముందు చెప్పిన 2,75,000 మెట్లలో ప్రతి మెట్టూ ముందు మెట్టుపై ఆధారపడుతుంది. స్వరతంత్రులు కంపించడం మొదలయ్యే క్షణం వంటి సున్నితమైన చోట అది పెరిగి కనబడవచ్చు. అనుకరణలో యాదృచ్ఛిక సంఖ్యలు పాల్గొంటే ఒకే యంత్రంలోనూ రెండు పరుగులు అచ్చంగా ఒకటి కావు. ప్రాట్ స్క్రిప్టులో ఆ సంఖ్యలను ఒక నిర్ణీత బీజంతో ప్రారంభించే ఆజ్ఞ ఉంది. దాని పేరులోనే ‘అన్‌సేఫ్‌లీ బట్ ప్రెడిక్టబ్లీ’ అనే మాటలను రూపకర్తలు చేర్చారు. ఇంత నిజాయితీ గల పేరు మరే సాఫ్ట్‌వేర్‌లోనూ నాకు తారసపడలేదు.

సిద్ధాంతగ్రంథంలో నమోదు

ఒక ప్రాచీన కావ్యంలోని పద్యాన్ని ఉదాహరించేటప్పుడు ఏ ముద్రణ నుంచి, ఏ పరిష్కర్త పాఠం నుంచి తీసుకున్నామో చెప్పకపోతే పరీక్షకులు ఊరుకోరు. పాఠాంతరాలుంటాయని వారికి తెలుసు. ‘ప్రాట్ సాఫ్ట్‌వేర్ సహాయంతో’ అనే ఒక్క పదబంధంతో ముగించే పద్ధతిప్రకరణాన్ని మాత్రం అందరం ఆమోదిస్తున్నాం. నేను నా సిద్ధాంతగ్రంథంలో రాసిందీ అంతే. వెర్షన్ సంఖ్య, ఆపరేటింగ్ సిస్టమ్, ప్రాసెసర్ రకం, బైనరీని దించుకున్నారా లేక కంపైల్ చేసుకున్నారా, చేసుకుంటే ఏ కంపైలర్‌తో, మామూలు అమరికలలో ఏవి మార్చారు, బీజసంఖ్య ఎంత అనేవి రాయడానికి నాలుగు పంక్తులు చాలు. వాడిన స్క్రిప్టును అనుబంధంగా చేర్చాలి. ప్రాట్ పాత వెర్షన్లు గిట్‌హబ్‌లో లభిస్తున్నాయి కాబట్టి, వెర్షన్ సంఖ్య తెలిస్తే పరీక్షకుడు అదే వెర్షన్‌ను తెచ్చుకొని అదే ‘అప్ప’ను తన కంప్యూటరులో పలికించి చూసుకోవచ్చు.